చివరి అడుగు ముందుగా

ఏలూరులో బయలుదేరిన షేర్ ఆటో కైకలూరు రోడ్డు మీద సగం దూరం వచ్చి, సరిగ్గా కొల్లేటి నడుమ, ఒక పక్కకి వాలి ఆగిపోయింది. డ్రైవరు దిగి ముందు చక్రం వంక చూశాడు, తర్వాత మబ్బుల వంక చూశాడు, ఆ తర్వాత ఎక్కినవాళ్ళ వంక చూసి "దిగిపోండి బాబూ, ఇంక ఇది కదలదు" అన్నాడు. ఆ రోడ్డు మీద బండి ఆగడం విశేషమేమీ కాదు. రోడ్డు వేసిన దగ్గర్నుంచీ సరస్సు తన చోటు తనకి ఇమ్మని అడుగుతూనే ఉంది. ప్రతి వానాకాలం అంచులు కాస్త కొరికి తీసుకుంటుంది. ప్రతి వేసవిలో మనుషులు వచ్చి కంకర పోసి పూడుస్తారు. ఏ కోర్టులోనూ తేలని దావా అది.

శ్రావణమాసం. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళ మీద గుర్రపుడెక్క, దానవతల కిక్కిస గడ్డి దుబ్బులు. దిగినవాళ్ళు సణుక్కుంటూ మలుపు దాకా నడక సాగించారు. వాళ్ళలో చినగడ్డిలంక ముసలయ్య ఒకడు. డెబ్భైకి అటూ ఇటూగా ఉంటాడు. చేపల చెరువుల్లో దోనె మీద తిరుగుతూ మేత సంచులు కట్టడం అతని పని. చంకలో ఆసుపత్రివాళ్ళిచ్చిన ఎక్స్‌రే కవరు పెట్టుకుని, రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు. మనవరాలు అలవాటుగా అతని భుజాలెక్కింది. అంత చిన్నపిల్లేమీ కాదు. కాళ్ళు తాత నడుం దాకా వేలాడుతున్నాయి. ముసలయ్య మోకాలి మీద చెయ్యి ఆనించి, పళ్ళు బిగించి లేచాడు.

వెనక ఒకావిడ గొడుగు ముడిచి పట్టుకుని వస్తోంది. యాభై దాటిన మనిషి. నూలు చీర, భుజానికి సంచి, సంచిలోంచి ఒక తాడు కొస బయటికి వేలాడుతోంది. కాసేపు వెనకే నడిచి, తర్వాత పక్కకి వచ్చింది.

"ఏవండీ బాబాయిగారూ, పిల్ల కాళ్ళకి దెబ్బేమైనా తగిలిందాండీ?"

"లేదండి."

"ఎముకేమైనా విరిగిందా?"

"లేదండి. ఫొటో తీశారండి. ఏమీ లేదన్నారండి."

"మరి ఎందుకండీ మోస్తున్నారు?"

ముసలయ్య నడక ఆపలేదు. "దింపితే పడుద్దండి" అన్నాడు.

ఆవిడ తలెత్తి పిల్లతో మాటలు కలిపింది. పేరేంటంది. సౌజన్య అంది పిల్ల. ఎన్నో తరగతంది. అయిదు అంది. గౌను బొత్తాలు నువ్వే పెట్టుకున్నావా అంది. మామ్మ పెట్టిందంది. జడో? మామ్మే. మరి అన్నం? "నేనే తింటానండి. పడిపోద్దండి. అందుకని మామ్మ పెడద్ది."

"నడిచేటప్పుడు ముందు గుమ్మాలు తగులుతాయా, మనుషులు తగులుతారా?"

"రెండూనండి" అంది పిల్ల. జీవితంలో మొదటిసారి ఎవరో తన సంగతి తనని అడిగారు. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళంతా తాతనే అడిగారు.

ముసలయ్యకి అనుమానం వచ్చింది. "తమరు డాట్రుగారాండి?"

"కాదండి. టీచర్ని. బళ్ళో ఇమడని పిల్లలుంటారు కదండీ, వాళ్ళిళ్ళకి వెళ్ళి నేర్పే టీచర్ని. ఈ లంకలన్నీ నాకే పడ్డాయి. ఇలాంటి పిల్లల కోసమే వచ్చాను."

"ఇలాంటి పిల్లలంటే ఎలాంటి పిల్లలండి?"

ఆ గొంతులో కరుకుదనం ఆవిడకి కొత్త కాదు. తొణకలేదు. "కాళ్ళు మంచివే, చేతులు మంచివే. బుర్రా మంచిదే, ఇప్పుడు మాట్లాడింది కదండీ. బుర్ర చెప్పిన మాట కాళ్ళకీ చేతులకీ వరస తప్పి చేరుతుంది. దోనె నడిపేవాళ్ళు గెడ ఒకచోట వేద్దామనుకుంటే అది పక్కన దిగితే దోనె ఏమవుతుంది?"

"తిరుగుద్దండి."

"అంతేనండి. అది మీ ఫొటోలో పడదు."

ముసలయ్య ఆ మాట నమ్మలేదు గాని, మరిచిపోలేదు కూడా. మలుపు దగ్గర విడిపోతూ ఆవిడ ఊరి పేరు అడిగింది. గురువారం వస్తానంది. చాలామంది వస్తామంటారు, లంకకి రావడమంటే రోడ్డు దిగి చెరువు గట్ల మీద అంత దూరం నడవాలి. గురువారం మధ్యాహ్నం ఆవిడ, చెప్పులు చేత్తో పట్టుకుని, బురద కాళ్ళతో ముసలయ్య ఇంటి ముందు నిలబడింది. పేరు వీరరాఘవమ్మ అని చెప్పింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నడక నేర్చుకున్న రోజు ఎవరికీ జ్ఞాపకం ఉండదు. మొదటి పద్యం జ్ఞాపకం ఉంటుంది, మొదటి దెబ్బ జ్ఞాపకం ఉంటుంది, మొదటి అడుగు మాత్రం ఉండదు. అందుకే నడవడం అనేది దానంతట అదే వచ్చే విద్య అనుకుంటాం. పురాణాలు దేవుళ్ళ తప్పటడుగులకి మురిసిపోయాయి. పదేళ్ళు వచ్చినా తప్పటడుగులు పోని పిల్ల గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. లోకం చెప్పింది మాత్రం చాలా ఉంది. మొద్దు అంది, సోమరి అంది, చూసుకుని నడవవే అంది. చినగడ్డిలంకలో పిల్లలైతే ముసలయ్య భుజాల మీద మనవరాలు కనపడగానే "తాతగుర్రం వచ్చిందిరోయ్" అని పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళు.

అసలు బెంగ ఆ ఎగతాళి కాదు. లంకలో బడి అయిదు వరకే. ఆరో తరగతికి అవతలి గట్టునున్న హైస్కూలుకి వెళ్ళాలి. మధ్యలో డ్రైను కాలవ, దాని మీద పక్కపక్కన పరిచిన రెండు తాటి దుంగలు. పట్టుకోవడానికి ఒక పక్క వెదురు ఉండేది, అది ఎప్పుడో వరదకి పోయింది. లంక పిల్లలు ఆ దుంగల మీద పరిగెడతారు. వేసవిలో కాలవ నడుం లోతు. వానాకాలం మనిషి మునిగే లోతు. ముసలయ్య మోకాలు మామూలు నేల మీదే మొరాయిస్తోంది, ఎదిగే పిల్లని ఎత్తుకుని తడి దుంగల మీద నడిచే రోజులు అయిపోయాయి. కొడుకు హరీషూ కోడలూ నెల్లూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర పనిలో ఉన్నారు, పండక్కి వచ్చి పోతారు. ఈ ఏడు గడిస్తే సౌజన్య చదువు ఆగిపోతుంది. ఆగితే ఏం చేస్తుంది? వల అల్లాలన్నా, మేత కట్టాలన్నా, చేపలు ఏరాలన్నా చేతులూ కాళ్ళూ చెప్పిన మాట వినాలి. ఆ పిల్లకి కూర్చుని చేసుకునే పని చదువొక్కటే. అది కాస్తా రెండు దుంగల అవతల ఉంది.

వీరరాఘవమ్మ మొదటి రోజు వంతెన మాట ఎత్తలేదు. గౌను బొత్తాలతో మొదలుపెట్టింది. బొత్తాం కన్నంలో దూర్చి, సగం పైకి తీసి, ఇంక లాగడమే మిగిలిందనగా పిల్ల వేళ్ళకి అందించింది. పిల్ల లాగింది. బొత్తాం పడింది. మళ్ళీ విప్పింది, మళ్ళీ సగం దాకా పెట్టింది, మళ్ళీ పిల్ల లాగింది. మధ్యాహ్నమంతా ఇదే.

ముసలయ్య భార్య పైడమ్మ రొయ్యపొట్టు చెరుగుతూ చూసి చూసి ఉండబట్టలేకపోయింది. "ఇదేం చదువండి తల్లీ. ముగ్గంతా అత్త పెట్టి, చివర చుక్క కోడలు పెట్టి, ముగ్గు నేనే పెట్టానందంట."

"ఆ కోడలు రేపు చుక్కతో పాటు గీత కూడా గీస్తుందండి" అంది వీరరాఘవమ్మ. "మొదట్నుంచి నేర్పితే మధ్యలో ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా 'నాకు రాదు' అన్నదొక్కటే గట్టిపడుతుంది. చివరి ముక్క చేతిలో పెడితే చేసిన ప్రతిసారీ 'అయిపోయింది' అనుకుంటుంది. ఇక అక్కణ్ణించి వెనక్కి వస్తామండి."

"వెనక్కి నడిచే చదువన్నమాట" అంది పైడమ్మ. అన్నదేగాని, మర్నాడు జడ అల్లి, రిబ్బను చివరి లాగుడు మనవరాలి చేతికిచ్చింది.

అప్పట్నుంచి గురువారం గురువారం ఆవిడ రావడం, సంచిలోంచి తాడు తీసి వాకిట్లో పరిచి దాని మీద పిల్లని నడిపించడం, గుడ్డ బంతి విసిరి పట్టుకోమనడం, తడిబట్టలు పిండించడం, రొయ్యపొట్టులోంచి రాళ్ళు బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏరించడం సాగింది. వారం మధ్యలో ఆ పని పైడమ్మది. పిల్ల పడేది, ఏడ్చేది, బంతి మొహానికి తగిలేది. ఏదీ గబగబా రాలేదు. కానీ వినాయకచవితి దాటాక ఒకరోజు బడికి వెళ్తూ "మామ్మా, బొత్తాలు నేను పెట్టుకున్నా" అంది. ఒకటి తప్పు కన్నంలో పడింది. పైడమ్మ దాన్ని సరిచెయ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ముసలయ్య అరుగు మీద కూర్చుని ఇదంతా చూసేవాడు. ఒకరోజు అడిగాడు: "తమరికి ఈ విద్య మీద మనసెలా పోయిందండి?"

వీరరాఘవమ్మ నవ్వింది. "మనసేం పోలేదండి. సైన్సు టీచరవుదామనుకున్నాను. ఉద్యోగం రాలేదు. ఈ కోర్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయంటే చేరాను. అంతే."

నిజానికి అంతే కాదు. మిగతాది ఇంకో గురువారం, వాన వెలిసేదాకా చూరు కింద కూర్చుని చెప్పింది. ఆవిడది పెంటపాడు దగ్గర పల్లె. వరి పండించే ఇల్లు. తండ్రి నాగేశ్వరరావు. ఆయన చేతిలో చెంబు ఎప్పుడూ తిన్నగా ఉండేది కాదు. సైకిలు రాలేదు. మోపు నెత్తికెత్తుకుంటే సగం దారిలో రాలిపోయేది. ఊడ్పుల్లో ఆడకూలీలు "నాగయ్యగారు మడిలోకి దిగారు, నారు తీసుకుని పక్కకి జరగండే" అని నవ్వేవారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ట్రైనింగులో ఒక పిల్లాడు గ్లాసు పట్టుకున్న తీరు చూసినప్పుడు, ఈవిడకి హఠాత్తుగా తండ్రి చెయ్యి కనిపించింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు. తన తడబాటుకి ఒక పేరుందని తెలియకుండానే పోయాడు.

"ఒక్క మా చేను గట్టు మీద మాత్రం తడబడేవారు కాదండి" అంది. "దాని మీద పుట్టినప్పట్నుంచీ నడిచారు. అడుగడుగూ పాదానికి తెలుసు. గట్టు నేర్పినట్టు ఇంకేదీ నేర్పదండి."

వరి గట్ల గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి. తాడేపల్లిగూడెం వైపు, పెంటపాడు, ఉంగుటూరు చుట్టుపక్కల, మనిషి పాదం పట్టేంత గట్లు ఉంటాయి. జారితే మోకాలి లోతు బురద, కాసిని నవ్వులు, కాలవలో కాళ్ళు కడుక్కోవడం. ఆ నేల మీద పెరిగినవాళ్ళు గట్టు అన్న మాట వింటే భయపడరు. కొల్లేరులో కూడా గట్లే ఉన్నాయి. మాట ఒకటే. మనిషి కళ్ళు కూడా చాలాసార్లు మాటనే చూస్తాయి, ఎదురుగా ఉన్న వస్తువుని చూడవు.

కార్తీకంలో ఒక గురువారం, ముసలయ్య చెరువులో దోనె మీద ఉండగా, వీరరాఘవమ్మ సౌజన్యని తీసుకుని చేపల చెరువు గట్టు మీదికి వెళ్ళింది. వాకిట్లో తాడు మీద నడక కాస్త కుదిరింది, ఇక గట్టు అంచున నడిపిద్దామనుకుంది. చెప్పులు విప్పించింది. వేళ్ళతో నేల పట్టుకోమంది. తను పక్కనే, ఒక అడుగు వెనకగా ఉంది. పిల్ల నాలుగడుగులు బాగానే వేసింది. తడిసిన నల్లరేగడి ఒక పెళ్ళ ఊడింది. పిల్ల ఏటవాలుగా జారి, చప్పుడు కూడా లేకుండా చెరువులోకి వెళ్ళిపోయింది. చెరువు గట్టు కింద మోకాలి లోతు బురద ఉండదు. తిన్నగా లోతు ఉంటుంది.

వీరరాఘవమ్మ గట్టు మీద మోకాళ్ళూని చేతులు చాపింది. ఆవిడకి ఈత రాదు. కేక మాత్రం వచ్చింది. ముసలయ్య దోనె మీంచి అలాగే దూకాడు. పిల్లని జుట్టు పట్టి పైకి లాగి, గట్టు మీద బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కాడు. నీళ్ళు కక్కింది. ఏడ్చింది. ఏడిచాక గాని అతను ఊపిరి తీసుకోలేదు.

అరవలేదు. కోపం ఎక్కువైతే అతని గొంతు తగ్గుతుంది. "మీ చేను గట్టు కాదండి ఇది" అన్నాడు. "ఇంక మీరు రానక్కర్లేదండి."

పిల్లని భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. వీరరాఘవమ్మ చీర నిండా బురదతో అక్కడే చాలాసేపు కూర్చుంది.

మరుసటి గురువారం ఆవిడ వచ్చింది. పైడమ్మ గడప దగ్గరే నిలబడింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. వీరరాఘవమ్మ, ముసలయ్య కూర్చున్న అరుగు కింద, నేల మీద కూర్చుంది.

"తప్పు నాదేనండి. నాకు నీళ్ళు తెలియవు. తెలియవని కూడా తెలుసుకోలేదు. ఆ మాట చెప్పడానికే వచ్చాను. వెళ్ళమంటే వెళ్ళిపోతాను. ఒక్కటి మాత్రం అడిగి వెళ్తానండి. ఈ లంకలో నడక రాని పిల్లల్ని కూడా దోనెలో వేసుకుని తిరుగుతారు కదా. గట్టుకన్నా దోనె ఇంకా ఊగుతుంది. మీ పిల్లలకి కాలు నిలిచేది అక్కడే. మరి ఈ పిల్లనెందుకు ఎక్కించలేదండి ఇన్నాళ్ళూ?"

పైడమ్మ వాసం వైపు చూపించింది. నట్టింటి వాసానికి పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఒకటి, పొగచూరి నల్లబడి వేలాడుతోంది.

సౌజన్యకి మూడో ఏడు నడుస్తుండగా, దోనెలో కూర్చోబెట్టుకుని మేత కడుతున్నాడు ముసలయ్య. సంచి లాగుతూ అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి పిల్ల లేదు. వేళ్ళకి గౌను తగిలింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే కొల్లేటికోట పెద్దింట్లమ్మకి ముడుపు కట్టాడు: ఈ పిల్ల కాలు మళ్ళీ దోనెలో పెట్టనివ్వను, నువ్వు కాచుకో తల్లీ అని. ఆ మాట ప్రకారం ఏ దోనె మీదా ఎక్కనివ్వలేదు. దోనె ఎక్కని పిల్లని నీటి ఒడ్డుకీ పోనివ్వలేదు. ఒడ్డుకి పోని పిల్లని వీధిలోకీ దింపలేదు. ముందు పడిందని మోశాడో, మోశాడు కాబట్టి ఇంకా పడుతోందో, ఆ ముడి ఎక్కడ మొదలైందో ఇప్పుడు ఎవరూ విప్పలేరు.

"మొక్కు నువ్వు మొక్కావు" అంది పైడమ్మ మొగుడితో. "నన్నడిగావా, పిల్లనడిగావా? బడికీ మోస్తావు, బజారుకీ మోస్తావు. రేపు అత్తారింటికి కూడా బుజం మీదే తీసుకెళ్ళి దింపొస్తావా ఏవిటి? అప్పటిదాకా ఉంటావా అసలు?"

"అమ్మవారికిచ్చిన మాటే."

"అమ్మవారు కాచుకోమంటే కాచుకుంది. కాళ్ళు కట్టెయ్యమందా?"

వీరరాఘవమ్మ ఆ సంభాషణలో తల దూర్చలేదు. మొక్కులు మంచివనీ చెప్పలేదు, మూఢనమ్మకాలనీ చెప్పలేదు. అలా చెప్పి ఉంటే అక్కడితో తెగిపోయేది. లేచి, వచ్చే గురువారం రావాలా వద్దా అని కూడా అడక్కుండా గొడుగు తీసుకుంది.

ముసలయ్య మూడు వారాలు ఆ వాసం వంక చూడకుండా అన్నం తిన్నాడు. నాలుగో వారం ముడుపు విప్పి, స్నానం చేసి, కొల్లేటికోట వెళ్ళి హుండీలో వేశాడు. ఎనిమిదేళ్ళు ఆలస్యమైన మొక్కుకి వడ్డీ కిందని ఇంట్లో పుంజుని కూడా ఇచ్చుకున్నాడు. అక్కడ ఏం చెప్పుకున్నాడో పైడమ్మకి కూడా చెప్పలేదు.

మాఘమాసం ఎండలో, వీరరాఘవమ్మకి కబురుపెట్టి పిలిపించి, తాటి దోనె రేవుకి తెచ్చి, "ఎక్కండి" అన్నాడు.

"పిల్లని ఎక్కించండి" అంది వీరరాఘవమ్మ.

"తమరు కూడానండి. నీళ్ళు తెలవాలి కదండి మరి."

ఆ ఎక్కడం చూడటానికి రేవులో నలుగురు పోగయ్యారు. వీరరాఘవమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఒక కాలు దోనెలో, ఒక కాలు గట్టు మీద పెట్టి, ఎటూ కాకుండా నిలిచిపోయింది. దోనె కదిలింది. ఆవిడ దోనెలోకి కూలబడి రెండు అంచులూ పట్టుకుని కళ్ళు మూసేసుకుంది. అప్పటికే దోనెలో కూర్చున్న సౌజన్య ఆవిడ మొహం వంకే చూస్తోంది. తనకన్నా ఎక్కువ భయపడే పెద్దమనిషిని ఆ పిల్ల అంతవరకు చూడలేదు.

"టీచరుగారండీ, కళ్ళు తెరవండి" అంది. "అడుగు చూడకండి. అదిగో, అవతల గట్టు చూడండి. కాళ్ళు ఎడంగా పెట్టండి."

తనని ఎక్కిస్తూ తాత చెప్పిన మాటలే అవి. తాత గొంతుతోనే చెప్పింది. ముసలయ్య గెడ మీద బరువేసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పిల్ల ముందు కూర్చుని, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత ముసలయ్య నడుం పట్టుకుని నిలబడి, చివరికి గెడ పట్టుకుని నిలబడి. దోనె ఊగితే ఒంటిని ఎటు వాల్చాలో ఎవరూ మాటల్లో చెప్పలేరు. ఒళ్ళే వినాలి. సౌజన్య ఒళ్ళు ఆలస్యంగా వినేది, కానీ వినేది. రెండుసార్లు నీళ్ళలో పడింది. ముసలయ్య చేతులు ముందుకు వచ్చాయి. వీరరాఘవమ్మ అతన్ని చూసింది. చేతులు ఆగాయి. పిల్ల దోనె అంచు తనే పట్టుకుంది.

ఉగాది దాటి కాలవ నడుం లోతుకి దిగాక వంతెన పని మొదలైంది. అక్కడ కూడా ఆవిడ పద్ధతి అదే. ముసలయ్య పిల్లని భుజాల మీద పెట్టుకుని, దుంగల పక్కన నీళ్ళలో నడిచి, అవతలి గట్టుకి ఒక్క అడుగు దూరంలో దుంగ మీద దింపేవాడు. పిల్ల వెయ్యాల్సింది ఆ ఒక్క అడుగే. వేసి, గట్టు మీద నిలబడి, వెనక్కి తిరిగి చూసేది. తర్వాత రెండడుగులు. తర్వాత దుంగ మీద నల్లటి ముడి ఉన్నచోట నుంచి. వైశాఖం ఎండల్లో అందరూ ఇళ్ళల్లో పడుకున్న వేళ ఆ ముగ్గురూ కాలవలో ఉండేవాళ్ళు. పైడమ్మ గట్టు మీద మజ్జిగ చెంబుతో కూర్చునేది.

"వంతెన వెనకనించి కడతన్నారేంటి ముసలయ్యా" అని దారినపోయేవాళ్ళు వెక్కిరించారు.

"మొదట్నించి కట్టింది నీ కొంపే కదరా, చూరు కారతంది" అంది పైడమ్మ.

మోసే దూరం ప్రతి వారం తగ్గుతూ వచ్చింది. దానికి సంతోషించాలని ముసలయ్యకి తెలుసు. అయినా పిల్లని దుంగ మీద దింపి, ఖాళీ భుజాలతో పక్కన నీళ్ళలో నడిచేటప్పుడు అతనికి ఎటో తూలిపోతున్నట్టుండేది. ఏళ్ళ తరబడి ఒంటి మీద మోసిన బరువు ఒంటికి ఒక తీరు నేర్పుతుంది. అది తీసేస్తే మనిషి మళ్ళీ నడక నేర్చుకోవాల్సిందే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వీరరాఘవమ్మ మాత్రం ఒకరోజు, పిల్ల అవతలి గట్టు మీద ఉండగా, "మీరు కూడా మెల్లిగా అలవాటు పడతారండి" అంది. అతను విననట్టు తలపాగా సర్దుకున్నాడు.

జూన్‌లో హైస్కూలు తెరిచిన రోజు గురువారం కాదు, అయినా వీరరాఘవమ్మ పొద్దున్నే వచ్చింది. కొత్త ఉత్తర్వులొచ్చాయి, వచ్చే వారం నుంచి ఆవిడ తాడేపల్లిగూడెం వైపు వెళ్ళాలి. వట్లూరులో అద్దె ఇల్లు కూడా ఖాళీ చేసేస్తోంది. ఆ సంగతి ముందే చెప్పింది కాబట్టి పైడమ్మ పసుపు, కుంకం, రవికల గుడ్డ, ఎండబెట్టిన కొర్రమీను ముక్కలు అన్నీ సిద్ధం చేసి పెట్టుకుంది. పిల్లని బడికి పంపాక, బొట్టు పెట్టి పంపుదామని.

రాత్రి వాన పడింది. కాలవ కొద్దిగా పెరిగింది. దుంగలు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. ఎండిన దుంగలు మొత్తం దాటడం వచ్చింది గాని, అంతవరకు సౌజన్య తడి దుంగల మీద నడవలేదు.

ముసలయ్య నీళ్ళలోకి దిగబోయాడు. "మీరు దిగితే మీ వంక చూస్తుందండి" అంది వీరరాఘవమ్మ. అతను గట్టు అంచునే ఆగిపోయాడు. లోపల మాత్రం ఒకటే మాట. ఇవాళొక్కరోజు మోస్తాను, ఇవాళొక్కరోజు. రేపు ఎండొస్తుంది.

సౌజన్య వీపుకి సంచి తగిలించుకుని దుంగ ఎక్కింది. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టింది. అవతలి గట్టు చూసింది. హైస్కూలు పిల్లలు నలుగురు వెనక నుంచి పరుగున వచ్చి, వంతెన మీద ఆ పిల్లని చూసి, ఏమనుకున్నారో, ఆగారు. ఎవరూ గుర్రం మాట ఎత్తలేదు. ఒక అడుగు. ఇంకో అడుగు. కాలవ నడుమకి వెళ్ళేసరికి ఎడమ పాదం జారింది. పిల్ల వంగింది, సంచి ఒక పక్కకి ఒరిగింది, రెండు చేతులూ గాలిలోకి లేచాయి.

ముసలయ్య నోరు తెరిచాడు. వీరరాఘవమ్మ చెయ్యి అతని ముంజేతి మీద పడింది. "పిలవకండి. పిలిస్తే తల తిప్పుతుంది. తిప్పితే పడుతుంది."

సౌజన్య అలాగే వంగి ఉండిపోయింది. దుంగ అడుగున నీళ్ళు కదులుతున్నాయి. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఆ పిల్ల, దోనె ఊగినప్పుడు చేసినట్టే, నడుం నుంచి మెల్లిగా నిటారయింది. జారిన పాదాన్ని వెనక్కి తెచ్చుకుంది. సంచి సర్దుకుంది. మళ్ళీ కాలు ముందుకు వేసింది.

ముంజేతి మీద చెయ్యి తీసేసినట్టు ముసలయ్యకి తెలిసింది, కానీ అటు తిరగలేదు. కళ్ళు దుంగల మీదే ఉన్నాయి. నల్లటి ముడి దగ్గరికి పిల్ల చేరాక, టీచరుగారితో ఏదో ఒక మాట అనాలనిపించింది. ఏమనాలో కూడా తెలియదు. పక్కకి చూశాడు.

ఆవిడ లేదు. గట్టు మీద, రోడ్డు వైపు, చెప్పులు చేత్తో పట్టుకుని, మధ్యగా, అంచుకి దూరంగా నడిచి వెళ్తోంది. భుజాన సంచి ఉంది. అప్పటికే కేకకి అందేంత దూరంలో ఉంది గాని, మాటకి అందేంత దూరంలో లేదు.

పైడమ్మ పసుపుకుంకాల పళ్ళెంతో ఇంట్లోంచి గబగబా వచ్చింది. "ఏవయ్యా, ఆవిడేరీ? అయ్యో, వెళ్ళిపోతన్నారే, కేకెయ్యవయ్యా."

ముసలయ్య ఆమె చెయ్యి పట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. పిల్ల ఇంకా దుంగ మీదే ఉంది. ఇద్దరూ నోరు మూసుకుని నిలబడ్డారు. వీరరాఘవమ్మ మలుపు తిరిగింది. వెనక్కి చూడలేదు.